బ్రెరా మ్యూజియం మోల్తేని: పాత బొమ్మల్ని కాపాడాడా, దిద్దేశాడా?

పడమటిగాలి:
నమస్తే అండీ. మిలాన్‌లోని బ్రెరా మ్యూజియంలో రఫాయెల్ 1504లో వేసిన మరియమ్మ పెళ్ళి బొమ్మ ఉంది కదా, దాని గురించి చదువుతుంటే 1858 ప్రాంతంలో జుసెప్పె మోల్తేని అనే ఆయన దాన్ని బాగుచేశాడని కనపడింది. తర్వాత అదే మ్యూజియంలో ఉన్న ఇటలీ నవలాకారుడు అలెస్సాండ్రో మాంజోని పోర్ట్రెయిట్ ఎవరు వేశారా అని చూస్తే మళ్ళీ ఈయనే. లండన్ నేషనల్ గ్యాలరీ బొమ్మల పాత చరిత్ర చదివితే అక్కడా ఈయన పేరే, అదీ ఒక్కచోట కాదు. పెయింటరా, రిస్టోరేషన్ చేసేవాడా, మ్యూజియం ఆఫీసరా? కొందరేమో మహానుభావుడంటారు, కొందరేమో పాత బొమ్మల మీద తన రంగులు పూసి పాడుచేశాడంటారు. తెలిసినవాళ్ళు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి. ఇటాలియన్ రాదు, ఇంగ్లీషులో దొరికేదంతా ముక్కలు ముక్కలుగా ఉంది.

నూనెరంగు:
మీరు చెప్పిన మూడూ ఆయనేనండీ. ఆ రోజుల్లో ఇప్పట్లా డిగ్రీలు, పోస్టులు విడివిడిగా లేవు. బొమ్మ వేసేవాడే బొమ్మ బాగుచేసేవాడు, పేరొస్తే మ్యూజియం తాళాలు కూడా ఆయన చేతికే.

మోల్తేని 1800లో మిలాన్ పక్కనున్న ఆఫ్ఫోరిలో పుట్టాడు, ఇప్పుడది ఊళ్ళో కలిసిపోయింది. బ్రెరా అకాడమీలో చేరాడు కానీ డబ్బుకి ఇబ్బందై చదువు మధ్యలో ఆపేశాడు. తర్వాత బొలోన్యా వెళ్ళి జుసెప్పె గ్విజార్ది దగ్గర పాత బొమ్మలు బాగుచేసే పని నేర్చుకున్నాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ముందు పొట్టకూటికి నేర్చుకున్నది రిస్టోరేషన్, పెయింటర్‌గా పేరొచ్చింది ఆ తర్వాతే. మిలాన్‌కి తిరిగొచ్చాక జమీందార్లు, బ్యాంకర్లు, కలెక్టర్లు (బొమ్మలు పోగుచేసే కలెక్టర్లు, జిల్లా కలెక్టర్లు కాదు) ఆయన చుట్టూ చేరారు.

1820ల చివర నుంచి పోర్ట్రెయిట్లలో దుమ్ము లేపాడు. ఆయన పద్ధతి ఏమిటంటే మనిషిని ఉత్త నల్ల గోడ ముందు నిలబెట్టడు, మనిషి చుట్టూ ఆ మనిషి ప్రపంచాన్నంతా వేస్తాడు. శాలువా మడత, కుర్చీ మీద పట్టు గుడ్డ, బల్ల మీద పుస్తకాలు, అన్నీ చెయ్యి చాపితే తగిలేటట్టు ఉంటాయి. ఒపేరా గాయని జుదిత్తా పాస్తాని 'నీనా' అనే ఒపేరా వేషంలో 1829లో వేశాడు. అప్పట్లో మిలాన్‌లో పెద్ద దిక్కు ఫ్రాంచెస్కో హయేజ్, ఆయనకి ధీటుగా పోర్ట్రెయిట్ ఆర్డర్లు పట్టింది మోల్తేనియే. పేరు వియన్నా దర్బారు దాకా పాకింది, ఎందుకంటే లొంబార్దీ, అంటే మిలాన్ ఉన్న ప్రాంతం, అప్పుడు ఆస్ట్రియా వాళ్ళ ఏలుబడిలో ఉండేది, 1859 దాకా అంతే.

మాంజోని బొమ్మది ఇంకో ముచ్చట. 1835లో వేసిన ఆ బొమ్మలో మనిషిని వేసింది మోల్తేని, వెనకున్న ప్రకృతి దృశ్యం వేసింది మాస్సిమో దాజెల్యో, అంటే మాంజోనిగారి అల్లుడు. ఈ అల్లుడుగారే తర్వాత రాజకీయాల్లోకి వెళ్ళి 1849లో సార్దీనియా రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. ఒకే బొమ్మలో ఇద్దరి చేతులు ఉండటం అప్పట్లో ఎవరికీ వింత కాదు, రిస్టోరేషన్ గొడవ అర్థం కావాలంటే ఈ సంగతి కూడా పనికొస్తుంది.

1830ల చివర్లో మామూలు జనం బొమ్మలు కూడా వేశాడు, 1838 నాటి 'పాప నివేదన' (చర్చిలో ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) బాగా పేరుపడింది. అయితే ఉద్యోగపర్వం మొదలైంది 1850ల మధ్యలో. బ్రెరా గ్యాలరీలకి కన్సర్వేటర్, అంటే బొమ్మల బాగోగులు చూసే అధికారి, అయ్యాడు, ఇటలీ ఒక్కటయ్యాక 1861లో డైరెక్టర్ అయ్యాడు, 1867 జనవరిలో పోయేదాకా అక్కడే. పోల్ది పెజ్జోలి అనే కుర్ర శ్రీమంతుడు మిలాన్‌లో బొమ్మలు కొనడం మొదలుపెడితే ఏది కొనాలో ఏది వద్దో చెప్పినవాళ్ళలో మోల్తేని ఒకడు, జుసెప్పె బెర్తీని ఇంకొకడు. ఆ ఇల్లే 1881లో పోల్ది పెజ్జోలి మ్యూజియంగా తెరుచుకుంది, బెర్తీనే మొదటి డైరెక్టర్. ఆయనా పెయింటరే.

పాడుచేశాడా అన్న ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్ళని నమ్మకండి.

పడమటిగాలి:
చాలా థాంక్సండీ, ఇంత ఓపిగ్గా రాసినందుకు. ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. లండన్‌లో రిస్టోరేషన్ చేసేవాళ్ళే లేరా? నేషనల్ గ్యాలరీ లాంటి పెద్ద సంస్థ బొమ్మ కొని, దాన్ని మిలాన్‌లో ఒక ఆస్ట్రియా ఉద్యోగి చేతిలో పెట్టడం ఏమిటి?

గచ్చునేల:
దీనికి నేను చెప్తాను, నా చదువు కన్సర్వేషన్‌లోనే.

లండన్‌లో రిస్టోరర్లు ఉన్నారు, అసలు గొడవ వాళ్ళతోనే వచ్చింది. నేషనల్ గ్యాలరీలో 1846 ప్రాంతంలో కొన్ని బొమ్మలు కడిగితే, పాత పసుపు వార్నిష్ పోయి లోపలి రంగులు బయటపడేసరికి జనం గగ్గోలు పెట్టారు, పేపర్లలో ఉత్తరాలు, తిట్లు. 1852లో మళ్ళీ అదే కథ. 1853లో పార్లమెంటు కమిటీ కూర్చుని విచారణ చేసేదాకా వెళ్ళింది. ఆ మొదటి గొడవలో మాటలు పడ్డవాడు చార్లెస్ ఈస్ట్‌లేక్, ఆయన కూడా పెయింటరే. 1855లో ఆయన్నే డైరెక్టర్‌గా వేశారు. ఇప్పుడు ఆయన స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? బొమ్మ ఇటలీలో కొంటారు, అక్కడే కడిగించి, బాగుచేయించి, వార్నిష్ వేయించి, పెట్టెలో పెట్టి లండన్ తెస్తారు. కడగకముందు ఎలా ఉండేదో లండన్‌లో ఎవడూ చూడలేదు, ఇక పోల్చి తిట్టడానికి ఏముంది? అన్నిటికీ ఇదొక్కటే కారణమని అనను, మోల్తేని పనితనం నిజంగానే ఈస్ట్‌లేక్‌కి నచ్చింది. కానీ ఈ సుఖం కూడా ఉందని మర్చిపోవద్దు.

ఇక మోల్తేని ఏం చేసేవాడంటే... పాత చెక్క మీద లేదా గుడ్డ మీద ఉన్న బొమ్మకి మూడు రకాల జబ్బులు. ఆధారం వంగిపోవడం, చిరగడం ఒకటి. రంగు పెచ్చులూడటం రెండోది. మూడోది, ముందు తరాలవాళ్ళు పూసిన పై పూతలు, నల్లబడ్డ వార్నిష్. మొదటి రెండిటికీ మందు వేయక తప్పదు. మూడోదాన్ని తీస్తున్నప్పుడు కింద ఖాళీలు బయటపడతాయి కదా, అసలు తేడా అక్కడ వస్తుంది. ఇవాళ మేము ఆ ఖాళీని ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలిగే రంగుతో, దగ్గరికెళ్ళి చూస్తే కొత్తదని తెలిసేటట్టు నింపుతాం. మోల్తేని నూటికి నూరుపాళ్ళు కనపడకుండా కలిపేసేవాడు. చేతిలో అంత విద్య ఉంది మరి! అంతటితో ఆగకుండా పక్కనున్న మంచి రంగు మీదికి కూడా కాస్త జరిగి, గీత బిరుసుగా ఉంటే మెత్తన చేసి, చెయ్యి వంకరగా ఉంటే సరిచేసి, ఆఖరికి మొత్తం మీద ఒక వెచ్చటి వార్నిష్ వేసేవాడు. బొమ్మ చూడటానికి గంభీరంగా, పాత మాస్టర్ల బొమ్మ ఎలా ఉండాలని అప్పటి జనం అనుకునేవాళ్ళో అలా తయారయ్యేది.

ఈ సంగతి ఆయన స్నేహితులకీ తెలుసు. జొవాన్ని మొరెల్లి అని, చెవులు, గోళ్ళు, వేళ్ళ ఆకారం చూసి ఏ బొమ్మ ఎవరు వేశారో చెప్పే పద్ధతి తెచ్చినాయన, చదివింది వైద్యం. ఆయన మోల్తేని స్టూడియోకి అస్తమానం వెళ్ళేవాడు. మోల్తేనికి పాత మాస్టర్ల తప్పులు దిద్దే అలవాటుందని ఆయనే స్నేహితుల దగ్గర వాపోయాడు, అయినా తన బొమ్మలు మాత్రం ఆయనకే ఇచ్చేవాడు. నాకనిపించేది, మొరెల్లి కన్ను పదునెక్కింది కూడా ఆ స్టూడియోలోనే. పై పూత తీసేసి ఒళ్ళంతా గాయాలతో ఉన్న బొమ్మని చూసే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఉదాహరణ కావాలంటే 15వ శతాబ్దపు ఇటలీ పెయింటర్ పిసనెల్లో వేసిన మరియమ్మ, బాలయేసు, సెయింట్ ఆంథోనీ, సెయింట్ జార్జ్ బొమ్మ. జార్జ్ పెద్ద గడ్డి టోపీ పెట్టుకుని ఉంటాడు. ఫెర్రారాలో కోస్తాబిలి వాళ్ళ కలెక్షన్ నుంచి ఈస్ట్‌లేక్ 1858లో తనకోసం కొన్నాడు, ఆయన పోయాక 1867లో భార్య నేషనల్ గ్యాలరీకి ఇచ్చింది. బాగా దెబ్బతిన్న బొమ్మ అది. ఇప్పుడు మనం చూసే రంగులో చెప్పుకోదగ్గ భాగం మోల్తేనిదే. గోడ మీద చీటీ మాత్రం పిసనెల్లో.

కొండపల్లి_చెక్క:
ఇంతా చెప్పి అసలు పాయింట్ వదిలేశారు. ఆస్ట్రియా వాళ్ళ కాలంలో లొంబార్దీ నుంచి విలువైన బొమ్మ బయటికి పోవాలంటే అకాడమీ మాట కావాలి. అకాడమీ గ్యాలరీలకి కన్సర్వేటర్ ఎవరు? మోల్తేని. అదే బొమ్మని కొన్న ఇంగ్లీషువాళ్ళ దగ్గర బాగుచేసినందుకు డబ్బు తీసుకున్నది ఎవరు? మోల్తేని. ఏ ఇంట్లో ఏ బొమ్మ ఉంది, ఎవరికి డబ్బు అవసరం పడింది అని ఈస్ట్‌లేక్‌కీ, ఆయన ఏజెంటు ఓటో ముండ్లర్‌కీ కబుర్లు చేరింది ఎక్కడ? మోల్తేని స్టూడియోలోనే. కంచే చేను మేయడం అంటే ఇదే. మీరు పనితనం, వార్నిష్ అంటూ కూర్చుంటే ఇటలీ వాళ్ళ ఆస్తి ఓడెక్కి పోయింది.

మొరెల్లి గురించి కూడా మరీ అంత గౌరవం అక్కర్లేదు. పార్లమెంటు సభ్యుడిగా దేశ సంపద కాపాడాలని మాట్లాడటం ఒక పక్క, ఇరాక్‌లో నినెవే అనే పురాతన నగరాన్ని తవ్విన లేయార్డ్ దొరకి బొమ్మలు కొనిపెట్టడం ఇంకో పక్క. ఆ లేయార్డ్ కలెక్షన్ 1916లో ఎక్కడికి చేరింది? నేషనల్ గ్యాలరీకే.

నూనెరంగు:
కొండపల్లి గారూ, ఒకే మనిషి రెండు పక్కలా ఉన్నాడన్నది నిజమే, కాదనను. కానీ అప్పటి మిలాన్ ఎలా ఉందో కూడా చూడండి. బ్రెరా గ్యాలరీ పుట్టిందే ఎత్తుకొచ్చిన బొమ్మలతో. నెపోలియన్ కాలంలో మఠాలు, చర్చిలు మూసేసి, అక్కడి బొమ్మలు బండ్లకెత్తి తెచ్చి 1809 ఆగస్టు 15న, అంటే నెపోలియన్ పుట్టినరోజున, తెరిచారు. రఫాయెల్ బొమ్మనే తీసుకోండి. చిత్తా ది కస్తెల్లో అనే చిన్న ఊరి చర్చి కోసం వేసినది. 1798లో ఆ ఊరివాళ్ళు లెకి అనే జనరల్‌కి 'కానుక'గా ఇచ్చారు, సైన్యంతో వచ్చినవాడికి ఇచ్చే కానుక ఎలాంటిదో మీకు తెలుసు. ఆయన అమ్ముకున్నాడు, కొన్న సన్నజారి దాన్ని మిలాన్ పెద్దాసుపత్రికి రాసిచ్చి పోయాడు, 1806లో ఆసుపత్రి దగ్గర ప్రభుత్వం కొని బ్రెరాలో పెట్టింది. ఇలాంటి చోట ఆస్తి ఎవరిది అన్న మాటకి అంత తేలికగా జవాబు రాదు. పైగా అప్పట్లో అమ్మింది ఎక్కువగా అప్పుల్లో పడ్డ జమీందారీ కుటుంబాలు, లండన్ కొనకపోతే ప్యారిస్‌లోనో బెర్లిన్‌లోనో ఎవరో ఒకరు కొనేవాళ్ళు.

ఆ రఫాయెల్ బొమ్మ మీద మోల్తేని చేసిన పని మాత్రం ఆయన్ని తిట్టేవాళ్ళు కూడా ఒప్పుకుంటారు. అంత పేరున్న బొమ్మ జోలికి వెళ్ళడానికి ఆయనకీ భయమే ఉండి ఉంటుంది, అక్కడ చెయ్యి బాగా బిగబట్టాడు. దిద్దడాలు, మెత్తన చేయడాలు ఎక్కువగా జరిగింది ప్రైవేటు బొమ్మల మీద, కొన్నవాడు డ్రాయింగ్ రూములో పెట్టుకునేవాటి మీద.

అప్పట్లో వేరే దారి పట్టినవాడు లేడా అంటే ఉన్నాడు, జొవాన్ని బత్తిస్తా కవల్కసెల్లె. నన్నడిగితే మోల్తేని కథ ఆయన్ని పక్కన పెట్టుకునే చదవాలి. లెన్యాగోలో పుట్టి, వెనిస్‌లో పెయింటింగ్ నేర్చుకుని, వేయడం మానేసి చూడటం మీద పడ్డాడు. 1848 తిరుగుబాటులో ఆస్ట్రియా వాళ్ళకి చిక్కి మరణశిక్ష దాకా వెళ్ళి తప్పించుకున్నాడు, 1849లో రోమ్ కాపాడే పోరాటంలో ఉన్నాడు, అది పడిపోయాక లండన్‌కి పారిపోయాడు. అక్కడ క్రో అనే ఇంగ్లీషు జర్నలిస్టుతో కలిసి ఫ్లెమిష్ (ఇప్పటి బెల్జియం వైపు) పెయింటర్ల మీద, తర్వాత 1864 నుంచి ఇటలీ పెయింటింగ్ చరిత్ర మీద పెద్ద పుస్తకాలు రాశాడు. ఎక్కడికెళ్ళినా బొమ్మ ముందు నిలబడి చిన్న కాగితం మీద స్కెచ్ గీసి, ఎక్కడ పాడైందో, ఎక్కడ పై పూత ఉందో బాణం గుర్తేసి రాసుకునేవాడు. 1861లో కొత్త ప్రభుత్వం ఈయన్నీ మొరెల్లినీ కలిపి ఉంబ్రియా, మార్కె ప్రాంతాల చర్చిల్లో ఏమున్నాయో జాబితా రాయమని పంపింది. ఇద్దరికీ పడేది కాదు, ఆ ప్రయాణం ఎలా సాగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ కవల్కసెల్లె తర్వాత రోమ్‌లో మంత్రిత్వ శాఖలో ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. 1877లో ఆ శాఖ నుంచి వచ్చిన నియమాల వెనక ఉన్నది ఆయన ఆలోచనే: ఊడిపోతున్నదాన్ని అతికించండి, పోయినచోట బొమ్మ కొత్తగా వేయొద్దు, మామూలు రంగు ఒకటి పూసి వదిలేయండి. బొమ్మ అందంగా కనపడకపోయినా ఫర్వాలేదు, అబద్ధం మాత్రం వద్దు అని ఆయన లెక్క. మోల్తేని అప్పటికి పోయి పదేళ్ళు.

గచ్చునేల:
కవల్కసెల్లె దారే గెలిచిందని చాలామంది రాస్తారు గానీ వెంటనే ఏమీ గెలవలేదు. గోడ చిత్రాల వరకు సరే. మ్యూజియం బొమ్మల్లో మోల్తేని పద్ధతి ఇంకో యాభై ఏళ్ళు నడిచింది. ఆయన శిష్యుడు లూయీజి కవెనాగి మిలాన్‌లో అందరికంటే పెద్ద రిస్టోరర్ అయ్యాడు, లియొనార్డో చివరి విందు గోడ చిత్రం 1908లో ఆయన చేతికే వచ్చింది. అక్కడ మాత్రం గురువులా కాకుండా, ఊడుతున్న పెచ్చుల్ని అతికించడం మీదే దృష్టి పెట్టాడు. అదే గోడ మీద 1821లో బరెజ్జి అనే ఆయన మొత్తం బొమ్మని గోడ నుంచి ఊడదీద్దామని బయలుదేరి ఒక మూల పాడుచేసి ఆపాడు, ఆ పాఠం అందరికీ గుర్తుంది కాబోలు.

మోల్తేని పని ఇప్పుడు వెనక్కి తీస్తున్న సందర్భాలూ ఉన్నాయి. పోల్ది పెజ్జోలిలో 15వ శతాబ్దపు పెయింటర్ మాంతెన్యా వేసిన మరియమ్మ, నిద్రపోతున్న బాలయేసు బొమ్మ చూడండి. పల్చటి గుడ్డ మీద జిగురు కలిపిన రంగుతో వేసినది, సున్నం గోడలా మెరుపు లేకుండా ఉండాలి. దానికి 19వ శతాబ్దంలో మోల్తేని చేతిలో నూనెరంగు బొమ్మల్లాగే వార్నిష్ పడింది. అలాంటి రంగు వార్నిష్‌ని పీల్చేసుకుని ముదిరిపోతుంది, ఆరిన బట్ట నీళ్ళు తాగినట్టు. ఫ్లోరెన్స్‌లోని ఓపిఫీచో అనే రిస్టోరేషన్ సంస్థ వాళ్ళు ఇటీవల ఎంతో ఓపికగా ఆ పొరలు తీసి 2020లో మళ్ళీ చూపించారు. ముందు, తర్వాత ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నేను రాసిందంతా అక్కర్లేదు.

చార్మినార్_చాయ్:
ఇటలీ రిస్టోరర్లు, వార్నిష్ అనగానే నాకు అజంతా గుర్తొచ్చింది, మన హైదరాబాదుకి సంబంధం ఉన్న సంగతే కాబట్టి చెప్తున్నా. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. గులాం యజ్దానీ గారు హైదరాబాద్ పురావస్తు శాఖ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు, 1920ల మొదట్లో, గోడ చిత్రాలు పెచ్చులూడుతున్నాయని ఇటలీ నుంచి లొరెంజో చెక్కోని అనే రిస్టోరర్‌ని, ఆయనకి తోడు ఓర్సీని అనే కౌంట్‌ని పిలిపించారు. పెచ్చుల్ని వాళ్ళు బాగా అతికించారు, దానివల్లే చాలా బొమ్మలు ఇంకా గోడ మీద ఉన్నాయి. కానీ పైన లక్క వార్నిష్ పూశారు. అది ఏళ్ళు గడిచేకొద్దీ పసుపుపచ్చగా, తర్వాత గోధుమరంగుగా మారింది. ఇప్పుడు భారత పురావస్తు శాఖ వాళ్ళు దాన్ని కొద్దికొద్దిగా తీసుకుంటూ వస్తున్నారు. నేరమంతా ఇటలీ వాళ్ళ మీద వేయలేం, అంతకుముందు కాపీలు వేయడానికి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు కూడా రంగులు తేటగా కనపడాలని వార్నిష్ పూశారు.

గచ్చునేల:
చార్మినార్ గారూ, సరిగ్గా అదే. మాంతెన్యాది జిగురు రంగు, అజంతా గోడలదీ జిగురు రంగే. రెండుచోట్లా నూనెరంగు అలవాటు ఉన్న చేతులే పడ్డాయి.

కొండపల్లి_చెక్క:
ఈ అజంతా సంగతి నాకు తెలీదు, బాగుంది. మోల్తేని డబ్బు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

పడమటిగాలి:
అందరికీ థాంక్స్, ఒక్క బొమ్మ గురించి అడిగితే ఇంత వచ్చింది. చివరిగా ఒకటి, మిలాన్ వెళ్తే ఆయన సొంతంగా వేసిన బొమ్మలు ఎక్కడ చూడాలి? మా చెల్లి వాళ్ళు తూరిన్‌లో ఉంటున్నారు, వచ్చే వేసవికి వెళ్ళే ఆలోచన ఉంది.

నూనెరంగు:
బ్రెరాలో మాంజోని, పాస్తా బొమ్మలు. స్కాలా ఒపేరా ఎదురుగా గాలెరియె దిటాలియా అనే మ్యూజియం ఉంది, అందులో 'పాప నివేదన' ఉంటుంది. రెండూ నడిచే దూరమే. పోల్ది పెజ్జోలి కూడా అక్కడికి దగ్గరే, మాంతెన్యా కోసమైనా వెళ్ళండి. తూరిన్ నుంచి మిలాన్ రైల్లో గంట పై చిల్లర, పొద్దున్నే వెళ్తే ఒక్కరోజులో అయిపోతుంది. కానీ సోమవారం పెట్టుకోకండి, బ్రెరా ఆరోజు సెలవు. వెళ్ళేముందు ఏ బొమ్మ గోడ మీద ఉందో, ఏది ఎగ్జిబిషన్‌కి బయటికి పోయిందో వాళ్ళ సైట్లో చూసుకోండి.